నాలుక కింద రెల్లు బద్ద

నాలుక కింద రెల్లు బద్ద నానుతోంది. వేలెడు పొడవు కూడా లేని బద్ద, గోరంత వెడల్పు, ఒక కొస ఉల్లిపొరలా పలచన. క్లారినెట్ మూతికి బిగించే ముందు దీన్ని ఇలాగే నోట్లో నానబెట్టాలి. ఎండు బద్ద పలకదు, పలికినా బాతు గొంతుతో పలుకుతుంది. అందుకని ఊరి పంచాయతీ కచేరీ ముందు నా సన్మానానికి వేసిన వేదిక మీద, మెడలో బంతిపూల దండతో, ఊరంతా ఎదురుగా చూస్తుంటే, నోరు బిగించుకుని కూర్చున్నాను. మాట రానంతగా పొంగిపోయి ఉన్నాననుకుంటున్నారు అందరూ. ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు. నవంబరు చలి, కొండ మీద నుంచి మంచు ఇంకా పూర్తిగా దిగిపోలేదు, అయినా నా వీపు మీద చెమట పట్టింది. అరవై ఒక్క ఏళ్ళ మనిషికి గుండె ఇలా కొట్టుకోవచ్చా, మొదటిసారి నాట్యానికి పిలుపొచ్చిన పిల్లలాగా. “ఏడుపు రావడం లేదా?” అంది పక్క కుర్చీలోంచి క్రెసెన్సియా వదిన, పెదవులు కదపకుండా. “కాస్త కళ్ళన్నా తుడుచుకో. జనం ఇందాకటి నుంచీ నిలబడే ఉన్నారు, ఏదో ఒకటి చూపించాలి కదా.” తల ఊపాను. “అప్పుడే నోట్లో పెట్టేశావూ? మింగేసేవు. మీ అన్నయ్య ఒకసారి మింగాడు.” అబద్ధం. ఫౌస్తో అన్నయ్య నలభై ఏళ్ళు బ్యాండులో వాయించాడు, ఒక్క బద్ద కూడా మింగలేదు. ఆయన క్లారినెట్ ఇప్పుడు నా కుర్చీ కింద, రొట్టెల బుట్టలో, రొట్టెలకి కప్పే గుడ్డ కింద పడుకుని ఉంది.

బుట్ట ఎందుకు తెచ్చావని ఎవరూ అడగలేదు. మా ఊళ్ళో ఆడది బుట్ట లేకుండా వస్తేనే అడుగుతారు. బుట్ట పక్కన, బల్ల మీద, అసలు భయం ఉంది: సీసాడు మెస్కాల్ సారా, ఒక చిట్టి మట్టి ముంత. ముంత ఇంకా ఖాళీగానే ఉంది. ఉపన్యాసం అయ్యాక ప్రెసిడెంటు సీసా ఎత్తి దాన్ని నింపుతాడు, ఊరు అప్పగించే పని పేరు చెబుతాడు, చెయ్యి చాపుతాడు. అందుకుని తాగినవాడు ఒప్పుకున్నట్టు. అంతే, కాగితం లేదు, సంతకం లేదు. నింపిన ముంతని తిరిగి సీసాలో పొయ్యరు, నేల మీద ఒక చుక్క వదిలి మిగతాది ఎవరో ఒకరు తాగి తీరాలి. ఇది తెలియనివాళ్ళు ఊళ్ళో చంటిపిల్లలు తప్ప లేరు. తెలిసీ నేను ఒకసారి తాగాను. ఇరవై రెండేళ్ళ కింద, ఇలాంటి చలిలోనే, వేరే ఊరి ఆటలపోటీకి పిల్లల్ని తీసుకెళ్ళి రాత్రంతా లారీలో ఒణికి వచ్చి కచేరీ గుమ్మంలో నిలబడితే, అప్పటి ప్రెసిడెంటు ముంత అందించాడు. చలికి ఇస్తున్నాడనుకున్నాను. ఒక్క గుక్కలో పోసుకుని, ఇంకొంచెం ఉందా అని కూడా అడిగాను. చుట్టూ ఉన్న పెద్దలు టోపీలు తీశారు. అప్పుడర్థమైంది. బడి హాస్టలు వంటిల్లు తొమ్మిదేళ్ళు నా నెత్తి మీద, ఉదయం పలక, సాయంత్రం బానలు. వదిన ఇప్పటికీ అంటుంది, ఒక గుక్కకి తొమ్మిదేళ్ళు, రెండో గుక్క కూడా పోసి ఉంటే చచ్చేదాకా వండుతూ ఉండేదానివని. ఈసారి ముంతలో ఏముందో మొన్ననే తెలిసింది. ప్రెసిడెంటు భార్య బావి దగ్గర వదిన చెవిలో వేసింది: వంటిల్లు కాదు, హాస్టలే మొత్తం. కొండ మీది గుడిసెల నుంచి వచ్చి వారమంతా ఇక్కడే ఉండి చదువుకునే నలభై మంది పిల్లలు, వాళ్ళ పక్కలు, వాళ్ళ జ్వరాలు, వాళ్ళ పేలు. గడువు లేదు. నేనున్నంత కాలం.

“మన ఎర్మీనియా పంతులమ్మ గారు,” అంటున్నాడు ఫిలొగోనియో, ప్రెసిడెంటు, కాగితం రెండు చేతులతో పట్టుకుని, “ఈ ఊరికి అక్షరమనే దీపాన్ని తెచ్చిన మహనీయురాలు.” దీపం నేను తేలేదు, నేను పంతులమ్మనయ్యేసరికే కరెంటు స్తంభాలు పాతుతున్నారు. కాగితం పట్టుకునే తీరు మారలేదు వీడికి, ఒకటో తరగతిలో కూడా ఇలాగే, పారిపోతుందేమో అన్నట్టు. ఆ మాట వస్తోంది. నాకు తెలుసు. ఉపన్యాసం ఆ మాట వైపే ఎక్కుతోంది, గాడిద గట్టెక్కుతున్నట్టు, ఆగి, ఊపిరి పీల్చి, మళ్ళీ ఎక్కి. నా వేళ్ళు ఒళ్ళో శాలువ కింద మీటలు వెతుక్కుంటున్నాయి. ఊరేగింపు పాట, మొదటి పేజీ, మూడో క్లారినెట్ వంతు. బొటనవేలు, చూపుడువేలు. ఉంగరపువేలు ఎప్పుడూ ఆలస్యం. “తన యవ్వనాన్ని, తన సుఖాన్ని, ఒక ఇల్లాలిగా తనకు దక్కవలసిన సర్వాన్ని పక్కనపెట్టి,” ఆగు నాయనా, ఎవరు పక్కనపెట్టారు, “తన జీవితాన్ని ఈ ఊరి బాలబాలికలకు,” వచ్చేసింది, “కన్సాగ్రో.”

చప్పట్లు. టోపీలు కదిలాయి. కన్సాగ్రార్, అంకితమివ్వడం. ఈ క్రియని వంటింట్లో ఎవరైనా వాడగా విన్నారా? అమ్మ ముప్పై ఏళ్ళు తెల్లవారుజామున లేచి మొక్కజొన్న నూరింది, ఎవరూ ఆమె జీవితాన్ని పిండికి కన్సాగ్రార్ చేసిందని అనలేదు. అమ్మ మాట్లాడే జపొతెక్‌లో ఆ మాట నేనెప్పుడూ వినలేదు. అది స్పానిష్ మాట, అందులోనూ ఇస్త్రీ చొక్కా వేసుకునే మాట. వేదిక మీద వాడతారు, పలకరాయి మీద చెక్కుతారు. పత్రికలో అయితే పెద్ద పోటీ గెలిచిన పాటగాడికి వాడతారు, ఇక వాడి స్థానం ఎవరూ కదపలేరని. మామూలుగా ఇచ్చేయడం కాదు దాని అర్థం. ఇచ్చింది వెనక్కి తీసుకోవచ్చు. ఇది ఒక పనికని, ఒక దేవుడికని పక్కన తీసి ఉంచడం, ఇంక దేనికీ వాడకుండా. అయిదో తరగతికి పాఠంలో వచ్చేది. సొంత వాక్యం రాయండర్రా అనేదాన్ని. అందరూ గోడ మీది బొమ్మల్లోని వీరుల్ని, దేశాన్ని రాసేవాళ్ళు. పదేళ్ళ ఫిలొగోనియో ఒక్కడే రాశాడు: మా చిన్నాన్న తన జీవితాన్ని మెస్కాల్‌కి కన్సాగ్రార్ చేశాడు. పూర్తి మార్కులు వేశాను. అంత బాగా ఆ మాట అర్థమైన పిల్లవాడు మళ్ళీ దొరకలేదు. ఇప్పుడు వాడే, గళ్ళ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, అదే మాటతో ఆ చిన్నాన్న పక్కన నన్ను కూర్చోబెట్టాడు. నవ్వొస్తోంది. నవ్వితే బద్ద పడిపోతుంది. మంగళవారం, ఈ సన్మానానికి నా పేరుతో పలకరాయి చెక్కుతున్న నబోర్ ఇంటికొచ్చి, పంతులమ్మా మీ రెండో ఇంటిపేరు, అమ్మ వైపుది, ఎలా రాయాలి అని అడిగి, వెళ్తూ వెళ్తూ చెప్పాడు, “ఈ మాట చాలా చెక్కానండి, అన్నీ సమాధుల మీదే. బతికున్న మనిషికి చెక్కడం ఇదే మొదటిసారి, చెయ్యి సరిగా సాగలేదు.” కింద జానెడు చోటు మిగిలింది, ఏమైనా చేర్చాలంటే చెప్పండి, అన్నాడు. ఏం చేర్చమంటాను.

ఏడేళ్ళప్పుడు మొదటిసారి విన్నాను ఆ మాట. చర్చిలో పూజకి ముందు సహాయకుడు ప్రసాదపు అప్పాల రేకుల్ని గుండ్రంగా కత్తిరించేవాడు, అంచుల్లో మిగిలిన ముక్కలు గిన్నెలో పోసి మాకిచ్చేవాడు. కరకరలాడేవి, రుచీ పచీ ఉండేవి కావు, అయినా ఆకలిగా ఉండేది, తినేవాళ్ళం, జేబుల్లో వేసుకునేవాళ్ళం, ఒకరి నెత్తి మీద ఒకరు పొడి చేసుకునేవాళ్ళం. గుండ్రటివి మాత్రం లోపలికి వెళ్ళేవి. ఫాదర్ వాటి మీద చేతులు చాపి ఆ మాట జరిపించాక అవి ఇక రొట్టె కావని చెప్పారు. ఆకలేసిందని తినకూడదు, బల్ల మీదికి తిరిగి రావు, మిగిలితే బంగారు రంగు పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. ఒకే పిండి, ఒకే పెనం. నేను ఆ రోజంతా ఆ పెట్టె గురించే ఆలోచించాను. లోపల చీకటిగా ఉంటుందా అని అన్నయ్యని అడిగాను. వాడు అప్పుడే బ్యాండులో చేరాడు, పన్నెండేళ్ళు, తుడిచిన కొత్త క్లారినెట్, నా ప్రశ్న వాడికెక్కడ వినపడింది. వాడు గడపలో కూర్చుని సాధన చేస్తుంటే నేను లోపల రాతి మీద మొక్కజొన్న నూరుతూ వినేదాన్ని. నూరుడు రాయి మీద నా వేళ్ళు వాడి వేళ్ళ వెంట కదిలేవి. “దానికి నాకన్నా ముందు పాట వచ్చేసిందే,” అన్నాడు ఒకరోజు అమ్మతో. “వస్తే ఏం, రొట్టె ఊదుతుందా,” అంది అమ్మ. ఆడపిల్లలు బ్యాండులో కూర్చోవడం అప్పటికి లేదు. ఇప్పుడున్నారు. అదిగో, వేదికకి ఎడమవైపు, వాద్యాలు ఒళ్ళో పెట్టుకుని ముప్పై మంది, అందులో ఎనిమిది మంది ఆడపిల్లలు, ఎనిమిది మందికీ అక్షరాలు దిద్దించింది నేనే. వాళ్ళ మధ్య మూడో క్లారినెట్ వరసలో ఒక కుర్చీ ఖాళీ. ఈరోజు సంగీతానికి పెద్దదిక్కైన పునీతురాలు సెసీలియా పండుగ, కొత్తవాళ్ళని తీసుకునేది ఏడాదికి ఈ ఒక్కరోజే. అందుకే ఖాళీ కుర్చీని ఎవరూ వింతగా చూడడం లేదు, ఏ కుర్రదో వస్తుందనుకుంటున్నారు.

అన్నయ్య పోయి మూడేళ్ళు. చర్చిలో ఏడాది పూజ చేయించాక వదిన వాద్యం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. “అమ్మితే అమ్ముతాను, లేకపోతే నువ్వు ఊదు. దాన్ని చూస్తుంటే నాకు ఆయన గురక గుర్తొస్తోంది.” బ్యాండు గురువు ఒతీలియో నాకంటే ఆరేళ్ళు చిన్న, నా దగ్గర చదవలేదు కాబట్టి నేనంటే భయం లేదు. రెండేళ్ళుగా శనివారాలు ఆయన ఇంటి వెనక పాకలో, కోళ్ళు పారిపోయేలా ఊదాను. మొదటి నెల పెదవి చిట్లింది. “పంతులమ్మా, మీరు వాద్యాన్ని మందలిస్తున్నారు,” అనేవాడు. “అది మీ విద్యార్థి కాదు. గాలి వదలండి చాలు.” ఒకసారి నేను ఊరుకోలేక, గురువుగారూ, ఇక నా మిగిలిన జీవితమంతా దీనికే అర్పిస్తాను అన్నాను. ఆయన తన ట్యూబా, ఆ పెద్ద ఇత్తడి బాకా, తుడుస్తూ తల కూడా ఎత్తలేదు. “అర్పించకండి. వారానికి అయిదు రోజులు వాయించండి. అర్పించినవాళ్ళెవరూ స్వరాలు సాధన చెయ్యరు.” నిన్న మాత్రం నెమ్మదిగా చెప్పాడు: బ్యాండులో ఉన్నవాడికి ఊరు ఇంకో పని అప్పగించకూడదు, వాయించడమే వాడు ఊరికి చేసే పని, ఇది మా తాతల నాటి ఒప్పందం. కానీ ముంత ముందా కుర్చీ ముందా అన్నదే లెక్క. మీరు ముంత పుచ్చుకుంటే నేను కుర్చీ తీయించేస్తాను, ఏమీ జరగనట్టే. మీరు లేచి వస్తే మొదటి పాట ఆగకుండా వాయించాలి, తప్పులు పరవాలేదు, ఆగకూడదు. మిమ్మల్ని నేను పిలవను. పిలిస్తే నేను లాక్కున్నట్టు అవుతుంది.

ఆగకూడదు. నోట్లో బద్ద బాగా మెత్తబడింది, చెరకుపిప్పి వాసన. పిల్లలకేం చెబుతాను? నలభై మంది. అక్కడే ఉన్నారు, వేదిక కింద నేల మీద, కాళ్ళు మడిచి, ముక్కులు కారుతూ, నా కోసం పద్యం నేర్చుకుని. ఎవరి తల్లి ఏ కొండ మీద ఉందో నాకు తెలుసు. నేను వద్దంటే ఎవరు చూస్తారు, అని అడుగుతోంది లోపల ఒక గొంతు. ఆ గొంతుని నేను గుర్తుపట్టగలను, అది కరుణలా వేషం వేసుకుంటుంది కానీ దాని నడక వేరు, దానికి అందరూ తనని చూడాలని ఉంటుంది. ఊళ్ళో ఇద్దరు పడుచు టీచర్లున్నారు. ప్రెసిడెంటు ఇంట్లోనే మూడు గదులు ఖాళీగా ఉన్నాయి. నేనేమీ త్యాగం చెయ్యలేదు, అదే ఎవరూ నమ్మరు. పెళ్ళి కుదరలేదు. ఒకరు అడిగారు, ఆయన నవ్వు నచ్చలేదు. ఇంకొకరు అడుగుతారనుకున్నాను, అడగలేదు, రెండేళ్ళు ఏడ్చాను, తర్వాత ఒక ఉదయం సుద్దముక్క విరిచి బోర్డు మీద తారీకు రాస్తుంటే ఎండ కిటికీలోంచి సరిగ్గా నా చేతి మీద పడింది, ఏడుపు అయిపోయిందని తెలిసింది. ఆ గదిలో నాకు బాగుండేది. పిల్లవాడు మొదటిసారి ఒక మాటని మాటగా చదివినప్పుడు వాడి చెవులు ఎర్రబడతాయి, అది చూడటానికి వెళ్ళేదాన్ని ప్రతి ఉదయం, దొంగతనానికి వెళ్ళినట్టు. జీతం కూడా ఇచ్చారు. ఆ సంతోషాన్ని తీసుకెళ్ళి ఆ గుండ్రటి అప్పాల పక్కన పెడుతున్నారు. నేను అంచుల్లో మిగిలిన ముక్కని. జేబుల్లో వేసుకునే ముక్కని, నెత్తిన పొడి చేసుకునే ముక్కని.

పలకరాయి మీది గుడ్డ లాగారు. నల్లటి రాయి, తెల్లటి అక్షరాలు, ఎండలో నా పేరు మెరిసింది. కింద జానెడు చోటు నిజంగానే మిగిలింది. నబోర్ జనంలోంచి నా వైపు చూసి చెయ్యి అడ్డంగా ఊపాడు, బాగా రాలేదన్నట్టు. సీసా మూత తీసిన చప్పుడు. ముంతలో మెస్కాల్ పడుతున్న చప్పుడు సన్నగా, పొయ్యి మీద నీటిచుక్కలా. పొగ వాసన. “పంతులమ్మ గారూ,” అన్నాడు ఫిలొగోనియో, ఇప్పుడు కాగితం లేదు, గొంతు మామూలు గొంతు, “మీరు మొదలుపెట్టిన పని మీతోనే సాగాలని ఊరు అడుగుతోంది. హాస్టలు. మీరున్నంత కాలం. ముందు గొంతు తడుపుకోండి.” నేల మీద ఒక చుక్క వదిలి, ముంత నా ముందుకి చాపాడు. ఊరంతా ఊపిరి బిగబట్టింది, మేకలు కూడా. నా చెయ్యి దానంతట అదే లేచింది. చూస్తూ ఉన్నాను. అది నా చెయ్యే, సుద్ద మరకలు ఇప్పటికీ పోని గోళ్ళు, ముప్పై ఎనిమిదేళ్ళుగా ఎవరేది చాపినా అందుకున్న చెయ్యి. దానికి నాతో పని లేదు. ముంత అంచుకి వేలు తగిలింది, మట్టి చల్లగా ఉంది. ఉంగరపువేలు. ఎప్పుడూ ఆలస్యమయ్యే ఉంగరపువేలు మాత్రం ముడుచుకునే ఉంది, మూడో బెజ్జం మూసి. “ఎర్మీ,” అంది వదిన.

చెయ్యి దారి మార్చింది. నోటి దగ్గరికి వచ్చి, నాలుక కింద నుంచి బద్దని తీసింది. తడిసి, ఎండలో తేనెరంగుగా ఉంది. ముందు వరసలోని ముసలాయన, ఆవిడ పన్ను ఊడిపోయింది అన్నాడు పక్కవాడితో. “నా గొంతు తడిగానే ఉంది నాయనా,” అన్నాను. వంగి బుట్ట మీది గుడ్డ తీశాను. క్లారినెట్ చూడగానే పిల్లల్లో ఒక అల. బద్ద మూతికి ఆనించి మర బిగించాను, ఒకసారి జారింది, మళ్ళీ బిగించాను. దండ తీసి కుర్చీ వీపుకి తగిలించాను, వాద్యానికి అడ్డం వస్తుంది. వేదిక మెట్లు మూడు. దిగుతుంటే మోకాలు పలికింది. నేను నడిచే చప్పుడు నాకే వినిపించింది, ఆ కుర్చీ దాకా పదిహేను అడుగులు ఉంటాయేమో, రాతి మీద మొక్కజొన్న నూరే దగ్గర నుంచి గడప దాకా కూడా అంతే దూరం ఉండేది. ఒతీలియో నన్ను చూడనట్టే ట్యూబా ఒళ్ళోకి లాక్కున్నాడు. పక్క కుర్చీలో సెనోబియా, పదిహేనేళ్ళది, పోయినేడాది దాకా నా విద్యార్థి, కాగితం నా వైపు జరిపి, “టీచర్, మూడో గీత దగ్గర నన్ను చూడండి,” అంది. కూర్చున్నాను. ఒతీలియో చెయ్యి లేచింది. మొదలు.

మొదటి స్వరం బాతే. నిఖార్సైన బాతు. పిల్లలు పగలబడి నవ్వారు, నలభై మందీ, పద్యం మర్చిపోయేంతగా. ఆగకూడదు. రెండోది కూడా సగం బాతు. మూడోదానికి గాలి వదిలాను, మందలించకుండా, అంతే, లోపల ఉన్నదంతా వదిలేశాను, అది పలికింది. నాది అని వినపడటానికి లేదు, ముప్పై వాద్యాల అడుగున ఎక్కడో, గోడలో ఇటుకలా, కానీ నా పళ్ళకి తెలుస్తోంది, పుర్రె అంతా మోగుతోంది, అన్నయ్యా, ఇలా ఉంటుందని ఎందుకు చెప్పలేదు. మా వంతుకి ఎనిమిది తాళాల విరామం. తలెత్తాను. వేదిక మీద ఫిలొగోనియో నింపిన ముంత పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. సీసాలో పొయ్యడానికి లేదు. బల్ల మీద పెట్టడానికి లేదు. అటు కోశాధికారి వైపు చాపాడు, ఆయన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని మేఘాలు చూశాడు. వదిన కుర్చీలోనే జరిగి, జనం అందరికీ వినిపించేలా, “చల్లారిపోతుంది ప్రెసిడెంటుగారూ,” అంది. “మీ ఇంట్లో మూడు గదులు ఖాళీ కూడానూ.” ఎవరో ఈల వేశారు. ప్రెసిడెంటు భార్య మొహం చేతుల్లో దాచుకుంది, భుజాలు కదులుతున్నాయి, ఏడుస్తోందో నవ్వుతోందో. వాడు నా వైపు చూశాడు. పదేళ్ళ మొహం. తప్పు రాశానా టీచర్ అని అడిగే మొహం. తల అడ్డంగా ఊపాను, లేదు, సరిగ్గానే ఉంది. వాడు టోపీ తీసి, ముంత ఎత్తి, ఒక్క గుక్కలో పోసుకున్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు, దేనికో తెలియక.

ఆరు, ఏడు. సెనోబియా మోచేత్తో పొడిచింది. బద్ద ఇంకా తడిగానే ఉంది. ఒతీలియో ట్యూబా వెనక నుంచి గడ్డం ఎత్తాడు, పేజీ తిప్పమని. తిప్పాను. రెండో పేజీ నాకు సరిగ్గా రాదు. ఊపిరి నిండా పీల్చుకున్నాను.